గుంటడు టీకెల్లేడు

ఆ రోజుల్లో, అంటే మా కూర్మన్నపాలెం వైపు సందుకో ఇంటర్నెట్ సెంటరు వెలిసి, సెల్‌ఫోను మాత్రం ఇంకా ఇంటికొకటి కూడా రాని రోజుల్లో, కుర్రాడు బుద్ధిమంతుడా కాదా అని తేల్చడానికి పెద్దవాళ్ళ దగ్గర చాలా సులువైన కొలత ఉండేది. కూర్చోబెట్టి చూసేవారు. పుస్తకం ముందు కదలకుండా కూర్చున్నాడా, వాడు బాగుపడతాడు. ఆ పుస్తకంలో ఏముందో వాడికి తెలిసిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఈ కొలతలో నేను చిన్నప్పటినుంచీ తప్పుతూనే వచ్చాను. నాకు చదువు మీద కోపం లేదు, కుర్చీ మీదే. కూర్చున్న కాసేపటికి ముందు కుడికాలు ఊగడం మొదలుపెడుతుంది, తర్వాత ఎడమకాలు దానికి తోడొస్తుంది, ఆ తర్వాత రెండూ కలిసి నన్ను లేపి బయటికి తీసుకుపోతాయి. ఎక్కడికి అంటే చెప్పలేను. వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ ఏమీ లేదని చూసుకుని, తృప్తిగా తిరిగొచ్చేవాణ్ణి. (అక్కడ ఏమీ ఉండదని నాకు ముందే తెలుసు. అయినా ఒకసారి చూసి రావాలి కదా.)

మాది ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు. నాన్నకి ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పని. ఆయన షిఫ్టులను బట్టే మా ఇంట్లో తెల్లవారేది, చీకటి పడేది. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ వారంలో ఆయన పగలంతా నిద్రపోవాలి, ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం లేకుండా ఉన్న నేను సరిగ్గా ఆ వారంలోనే హాల్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి వరండాకీ తిరుగుతూ ఉండేవాణ్ణి. నాన్న ముఖం మీంచి దుప్పటి తీసి, "ఆ గుంటడికి కాల్లున్నాయా, చక్రాలున్నాయా? ఓపాలి కూకోమను" అని అమ్మ మీద కేకలేసేవాడు. "కూకుంటే లెగుత్తాడు, లెగిత్తే తిరుగుతాడు. నానేటి సెయ్యను, కట్టీమంటావేటి?" అని అమ్మ వంటింట్లోంచే జవాబు చెప్పేది. కట్టేయడం గురించి నాన్న కొంచెంసేపు ఆలోచించేవాడని నా అనుమానం.

చివరికి ఉపాయం ఆయనకే తట్టింది. పేపర్లో ఓ ప్రకటన చూశాడు. ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కోర్సు, పాఠాలన్నీ వెబ్‌సైటులోనే ఉంటాయి, మీ వీలునిబట్టి మీరే నేర్చుకోవచ్చు, బాగా చదివినవాళ్ళకి మధురవాడలో కొత్తగా తెరిచిన తమ ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష. నాన్నకి ఉద్యోగం మాట నచ్చింది. నాకు 'మీ వీలునిబట్టి' అన్న మాట నచ్చింది. రోజూ కొన్ని గంటలు నేను ఇంట్లో ఉండనన్న సంగతి అమ్మకి నచ్చింది. అలా ఏకగ్రీవంగా నన్ను చేర్పించారు.

చేరాకగానీ తెలియలేదు, మన వీలునిబట్టి మనమే నేర్చుకోవడమంటే ఎంత పనో. బడిలో మాస్టారుంటారు, గంట కొడతారు, వెనకబెంచీ మీద కునుకు తీస్తే సుద్దముక్క వచ్చి తగులుతుంది. ఇక్కడ అవేవీ లేవు. నిన్ను నువ్వే కూర్చోబెట్టుకోవాలి, నువ్వే ప్రశ్నలడుక్కోవాలి, నువ్వే తిట్టుకోవాలి. ఇది మనుషుల వల్ల అయ్యే పని కాదని ఆ కోర్సువాళ్ళకీ అనిపించినట్టుంది, పాఠాల పక్కన ఓ సాఫ్ట్‌వేర్‌ని కాపలా పెట్టారు. దాని పేరు మై గైడ్. తెర కుడివైపు చిన్న పెట్టెలో ఉండేది. పాఠం తెరవగానే, 'ఈరోజు ఏం నేర్చుకుందామనుకుంటున్నారు? ఎంతసేపు?' అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగేది. చెప్పాలి. పాఠం అయ్యాక, 'పదికి ఎంత అర్థమైంది?' అనేది. అదీ చెప్పాలి. ఆ తర్వాత చిన్న పరీక్ష పెట్టేది. నేను ధైర్యంగా పదికి తొమ్మిదనేవాణ్ణి, పరీక్షలో మూడొచ్చేవి. 'మీ అంచనాకీ మీ మార్కులకీ దూరం కొంచెం ఎక్కువగా ఉంది, ఒకసారి ఆలోచించండి' అనేది. (అంత మర్యాదగా నన్ను అప్పటిదాకా ఎవరూ తిట్టలేదు.) అన్నిటికంటే ఘోరం ఇంకోటుంది. మౌసు కాసేపు కదలకపోతే చాలు, తెర మధ్యకొచ్చి 'మీరు ఉన్నారా?' అని అడిగేది. కింద ఓ గడి. అందులో ఏదో ఒకటి రాస్తేగానీ పోదు. ఎవరూ రాయకపోతే నేను లేనట్టు లెక్కగట్టి, అంతసేపూ ఎర్రగీత వేసేసేది.

మా ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి చదువంతా కూర్మన్నపాలెం జంక్షన్‌లో, మందులషాపు మేడ మీదున్న నెట్ సెంటర్లో సాగేది. దాన్ని నడిపేవాడు నాకంటే కొన్నేళ్ళు పెద్ద. సముద్రపొడ్డు పల్లెలో వేటకెళ్ళే కుటుంబం. తాత, అయ్య, అన్నలు, తమ్ముడు, అందరూ పడవల మీద బతికేవాళ్ళే. ఆ ఇంట్లో పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు ఇతనొక్కడే. "మా అయ్య నన్ను మార్సడానికి సెయ్యని పని నేదు బావ. నోట్లో నిమ్మకాయెట్టేడు, నడుంకి తాడు కట్టేడు. ఆకరికి సేపలు కూడా నన్ను సూసి జాలిపడ్డాయి" అని నవ్వుతూ చెప్పేవాడు. ఎలాగో పాత కంప్యూటర్లు సంపాదించి ఈ సెంటరు పెట్టుకున్నాడు. "మావోల్లదీ వలే, నాదీ వలే. నాది తడవదు, అంతే తేడా" అనేవాడు. జంక్షన్‌లో అందరూ అందరికీ బావలే కాబట్టి, గుర్తుకోసం ఇతన్ని నెట్ బావ అనేవాళ్ళం.

మై గైడ్‌కి సాక్షి కావాలట. అంటే నా చదువుని గమనించే మనిషి. ఆ మనిషి ఈమెయిలు ఇస్తే వారం వారం నా రిపోర్టు పంపుతుందట. నాన్నకి ఈమెయిలు లేదు. అమ్మకి ఆ మాటే తెలీదు. స్నేహితులకిస్తే మా క్వార్టర్ల సెక్టారంతా చదివి వినిపిస్తారు. నెట్ బావని అడిగాను.

"సాచ్చి అంటే ఏటి బావ? కోర్టుకెల్లాలేటి?" అన్నాడు.

"అక్కర్నేదు బావ. మెయిలొత్తాది, సూసీడమే."

"సూసి ఊరుకుంటే ఇంక సాచ్చెందుకు?" అన్నాడతను, చాలా గంభీరంగా. నేను అక్కడే జాగ్రత్తపడాల్సింది.

మొదటి రిపోర్టు వచ్చిన రోజున నన్ను కేకేసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నెట్ బావ ఎంత మొరాయించిన కంప్యూటర్నయినా నడిపించగలడుగానీ, ఇంగ్లీషు వాక్యం కాస్త పొడుగైతే మధ్యలోనే దిగిపోతాడు. అందుకని ఆ రిపోర్టు నేనే తెలుగులో చెప్పాలట. నా మీది నేరారోపణని నేనే సాక్షికి చదివి వినిపించే ఏర్పాటు! ఇలాంటి అదృష్టం ఎంతమంది ముద్దాయిలకి పడుతుంది?

"విద్యార్థి ఉత్సాహంగా ఉన్నాడు అంటన్నారు బావ" అన్నాను.

"ఇంత పొడుగుంటే ఒక్క ముక్కేనా?"

"చాలా ఉత్సాహంగా ఉన్నాడు."

"ఈ ఎర్రగీతలేటి?"

"అదే బావ. ఉత్సాహం."

"మరి పచ్చయి?"

"అయి మామూలియి."

నెట్ బావ తెర మీదకి వంగి చూశాడు. తెరంతా ఎరుపు. పులుసులో కొత్తిమీర రెబ్బల్లా అక్కడో పచ్చగీత, ఇక్కడో పచ్చగీత. "నీకింత ఉత్సాహం ఉంటే, కింద వార్నింగ్ అని ఎందుకెట్టేరు బావ?" అన్నాడు. "వార్నింగంటే ఏటో నాకు తెలుసు. నాకు కరెంటోల్లు నెలకోపాలి ఇత్తారు."

ఆ తర్వాత అతను చేసిన మొదటి పని నాన్నకి కబురుపెట్టడం. నాన్న మధ్యాహ్నం 'ఏ' షిఫ్టు దిగి, ప్లాంటు బట్టల్లోనే, హెల్మెట్ చంకలో పెట్టుకుని మేడెక్కి వచ్చాడు. నాన్నకి ఇంగ్లీషు అంతంతమాత్రమేగానీ గ్రాఫులు చూడడం కొత్త కాదు, ప్లాంటులో గోడలన్నీ ఉత్పత్తి గ్రాఫులే. కళ్ళజోడు పెట్టుకుని నా చదువుని ఆ చివర్నుంచి ఈ చివరికి తనిఖీ చేశాడు.

"మంగలారం ఇలా దిగిపోయిందేటి? బ్రేక్‌డౌనా?"

"కాదు నాన్నా, ఆరోజు కొంచెం..."

"బుదారం?"

నేను మెట్లవైపు చూశాను.

"పూర్తి షట్‌డౌను" అన్నాడు నాన్న, బాధగా తల ఊపుతూ. "మాకాడ ఇలాగైతే ఆఫీసర్లు పరిగెట్టుకొచ్చీవోరు. మరి దీనికి మెయింటెనెన్స్ ఎవులు సూత్తన్నారు?"

నెట్ బావ లేచి నిలబడి, "నానే బాబు" అని చెయ్యెత్తాడు.

ఆ రోజుతో నా పరిస్థితి మారిపోయింది. అప్పటిదాకా నేను కూర్చునేది కిటికీ పక్క గదిలో. అక్కణ్ణుంచి జంక్షనంతా కనిపించేది, వచ్చే బస్సులు, పోయే బస్సులు, బస్సుకోసం పరిగెట్టేవాళ్ళు. నెట్ బావ నన్ను ఆఖరి మూలగదికి మార్చాడు. ఎదురుగా గోడ. ఆ గోడమీదున్న జలపాతం బొమ్మ కూడా, నా మనసు అందులో పడి కొట్టుకుపోతుందేమోనని, పీకేశాడు. నా కంప్యూటర్లో ఆటలన్నీ తీసేశాడు. సెంటరుకొచ్చే వాళ్ళందరికీ "మా గుంటడు సదువుకుంటన్నాడు, మెల్లిగా మాటాడండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు మెల్లిగా మాట్లాడుతూ, నన్ను చూడడానికి మాత్రం ఒక్కొక్కరే మూలదాకా వచ్చి వెళ్ళేవారు. ఇన్ని చేసినా కాళ్ళు నావే కదా. కాసేపు గోడని చూసేవాణ్ణి, కాసేపు ఫ్యాన్‌ని చూసేవాణ్ణి, లేచి "ఇప్పుడే వత్తాను బావ" అని మెట్లు దిగిపోయేవాణ్ణి. టీ తాగి, బస్సులు చూసి, ఎవరికైనా మూటో సంచో అందించాల్సి వస్తే అందించి, మళ్ళీ ఎక్కి వచ్చేవాణ్ణి. నెట్ బావ ఒక్క మాటైనా అనేవాడు కాదు. అలా ఊరుకోవడం అతనికి అలవాటు కాదని నాకు తట్టనేలేదు.

అంతలో విచిత్రం జరిగింది. నా గ్రాఫు పచ్చబడడం మొదలైంది. ఓ వారం ఎరుపు సగానికి తగ్గింది, ఆ పై వారం అక్కడక్కడా మిగిలింది, తర్వాత పొలంలా మొత్తం పచ్చగా నిలబడింది. నేను కళ్ళు నులుముకుని చూశాను. నాకు తెలియకుండానే నేను బాగుపడిపోయానని అర్థమైంది. మనిషికి ఇంతకంటే సుఖమైన సంగతి ఉండదు. ఆ సాయంత్రం గేటు దగ్గర బియ్యం ఏరుతున్న అమ్మకి, మనసుని అదుపులో పెట్టుకోవడం ఎలాగో విడమరచి చెప్పాను. లక్ష్యం పెట్టుకోవాలనీ, ధ్యాస చెదరకుండా చూసుకోవాలనీ, అది ఓ అభ్యాసమనీ చాలాసేపు చెప్పాను. అమ్మ అంతా విని, "అలాగేలే నాయనా. మరి ఆ గేటుని అన్నిసార్లు తీసి మూసీసి ఎందుకు సేత్తన్నావు?" అంది. చూసుకుంటే, ఉపన్యాసం మొదలైనప్పటినుంచీ నా కాలు గేటుని తంతూనే ఉంది.

ఆపై వారమే మధురవాడ ఆఫీసునుంచి మెయిలొచ్చింది. కోర్సులో అందరికంటే నిలకడగా చదువుతున్నవాళ్ళని మై గైడ్ ఎంపిక చేసిందట, అందులో నా పేరుందట, ఉద్యోగ పరీక్షకి రమ్మన్నారు. పరీక్షకి ముందు మై గైడ్‌లో నా రికార్డంతా తాము చదువుతామని కూడా రాశారు. నాన్న మాడుగుల హల్వా తెచ్చి సెక్టారులో తెలిసినవాళ్ళందరికీ పంచాడు. "మావోడు ఇప్పుడు లెగడు. కూకుంటే కూకున్నాడే" అని చెప్పుకున్నాడు. నెట్ బావకి ఇంత పెద్ద ముక్క ఇస్తే కళ్ళకద్దుకుని తిన్నాడు.

ఆ మర్నాడు మామూలుగా టీకి దిగాను. టీకొట్టువాడు చుట్టాలింట్లో పెళ్ళికెళ్ళి కొట్టు తెరవలేదు. వానచినుకు కూడా మొదలైంది. వెంటనే వెనక్కొచ్చేశాను. మూలగదిలో నా కుర్చీలో నెట్ బావ కూర్చుని ఉన్నాడు. తెరమీద 'మీరు ఉన్నారా?' అని మెరుస్తోంది. అతను ఒక్క వేలితో, అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతున్నాడు. వెనకనుంచి చదివాను. 'లేడు. గుంటడు టీకెల్లేడు. వత్తాడు.'

"ఏటి బావ ఇది?" అన్నాను.

అతను ఉలిక్కిపడలేదు. "అడుగుతంది బావ. ఎంతసేపని అడుగుద్ది పాపం, జవాబు సెప్పాల కదేటి" అన్నాడు.

"ఎన్నాల్లనుంచి సెప్తన్నావు?"

"మీ నాన్నగారు మెయింటెనెన్స్ నాకు అప్పసెప్పేరు కదా. ఆ మర్నాటినుంచి."

అతన్ని లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. (జీవితంలో మొదటిసారి కూర్చోవాలనిపించిన క్షణం అది.) పాత జవాబులన్నీ తెరిచి చూశాను. 'ఇప్పుడే వచ్చి మల్లీ ఎల్లేడు.' 'కింద బస్సులు సూత్తన్నాడు. ఏదీ ఎక్కడు, ఊరికే సూత్తాడు.' 'ముసలమ్మకి మూట ఎత్తుతన్నాడు. గుంటడు మంచోడే, కాలు నిలవదు.' 'పునుగులు తింటన్నాడు. నాకూ తెత్తానన్నాడు.' రోజు ముగిశాక మై గైడ్ అడిగే ప్రశ్నని కూడా అతను వదల్లేదు. 'ఈరోజు మీకు కష్టంగా అనిపించినదేమిటి?' అని అది అడిగితే, ఒకటే మాట రాశాడు. 'కుర్చీ.' ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు. గడిలో ఏదో ఒకటి పడింది కదా, మనిషున్నాడనుకుని పచ్చగీత వేసుకుంటూ పోయింది. నేను బాగుపడడమంటే ఇదన్నమాట.

"ఇయన్నీ ఆల్లు సదువుతారు బావ!" అన్నాను, ఏడుపు గొంతుతో.

"సదవనీ. ఇందులో అబద్దమేటుంది?"

చెరపడానికి ఎక్కడా వీల్లేదు. ఆ తర్వాత పరీక్షదాకా నేను నడిచిన నడక కూడగడితే ఏ శ్రీకాకుళమో చేరి ఉండేవాణ్ణి. వెళ్ళకపోతే నాన్న పంచిన హల్వా అంతా ఏం కావాలి? వెళితే ఆ పునుగుల సంగతి నా మొహంమీద చదువుతారు. రానని చెప్పేద్దామని ఎన్నిసార్లు మెయిలు రాసుకున్నానో, అన్నిసార్లూ పంపే లోపల లేచి బయటికి వెళ్ళిపోయాను.

చివరికి వెళ్ళాను. నెట్ బావ సెంటరు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "సాచ్చిని కదా, నాను రాకపోతే ఎలా?" అని నాతో బస్సెక్కాడు. ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి ప్రయాణం. సీట్లు ఖాళీగా ఉన్నా నేను మధురవాడదాకా నిలబడే ఉన్నాను. అతను నా పక్క సీట్లో కూర్చుని, మలుపులొచ్చినప్పుడల్లా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అతనికి బస్సూ పడదని అప్పుడే తెలిసింది.

ఆఫీసులో మమ్మల్ని పిలిచిన మేడం విజయనగరంవైపు మనిషి. ఆ మాట ఆవిడే చెప్పింది, కానీ నవ్వకుండా చెప్పింది. నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, కంప్యూటర్ తెరని నావైపు తిప్పింది.

"మీరు చాలా నిలకడగా చదువుతున్నారని మా సాఫ్ట్‌వేర్ చెబుతోంది. నేను నిన్ననే కూర్చుని, గడుల్లో మీరు రాసినవన్నీ చదివాను." తెరమీద ఓ వరస మీద వేలు పెట్టి, "ఈ పునుగులు ఎవరు తిన్నారు?" అంది.

"నేనే మేడం."

"మరి రాసిందెవరు?"

నేను అద్దం తలుపువైపు చూశాను. అవతల నెట్ బావ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ లోపలికి రమ్మని సైగ చేసింది.

"సాక్షి చేసే పని ఇదేనా అండీ?"

"మరేటి మేడం?" అన్నాడు నెట్ బావ. "ఉన్నాడా అని అది అడిగింది. లేడని రాసేను. వత్తాడని రాసేను, వచ్చీసేడు. ఒక్క ముక్క అబద్దముంటే సూపించండి."

మేడం తెరవైపు చూసింది, అతనివైపు చూసింది, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. ఆవిడ నవ్వు విని పక్కగదిలోంచి ఇద్దరొచ్చారు, వాళ్ళని చూసి ఇంకొందరొచ్చారు. ఒకతను 'కుర్చీ' అన్న జవాబు దగ్గర ఆగిపోయి గోడకి చేరగిలబడ్డాడు. నేను ఆ గుంపు మధ్యలో చెవులు ఎర్రబడి నిలబడ్డాను. నా రెండు కాళ్ళూ ముందే తలుపు దగ్గరికి వెళ్ళిపోయినట్టుంది, నేను వెళ్ళడమే తరువాయి.

నవ్వు తగ్గాక మేడం కళ్ళు తుడుచుకుని, మిగతావాళ్ళతో, "మనం అడిగాం, ఇతను లేడని చెప్పాడు, మన సాఫ్ట్‌వేర్ సరేనని పచ్చరంగు వేసింది. తప్పు మనదే" అంది. నావైపు తిరిగి, "కానీ ఆ జాబితాలో మీ పేరు ఉండాల్సింది కాదు. అది మీకూ తెలుసు. ఇంతదూరం వచ్చారు కాబట్టి, రాస్తానంటే పరీక్ష పెడతాను. వెళతానంటే వెళ్ళొచ్చు" అంది.

వెళతానని చెప్పడానికే నోరు తెరిచాను. అంతలో నెట్ బావ కుర్చీ లాగి, నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "నువ్వు కూకో బావ. ఇయ్యాలకి నీ బదులు టీకి నానెల్లొత్తాను" అన్నాడు. అని నిజంగానే వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్నాను. ఎలా కూర్చున్నానని మాత్రం అడక్కండి. బల్ల కింద నా మోకాళ్ళ దెబ్బకి పైన కంప్యూటర్ వణికింది, పక్కబల్ల అమ్మాయి తన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి చేత్తో పట్టుకుంది. మధ్యలో లేచాను, కుర్చీ చుట్టూ తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను. కోర్సులో పచ్చగా కనిపించిన పాఠాల్లో నాకు నిజంగా వచ్చినవేవో, నెట్ బావ దయవల్ల దాటిపోయినవేవో ఆరోజు తెలిసింది. అన్నీ అయ్యాక తెర అడిగింది, పదికి ఎంత వస్తుందనుకుంటున్నారని. చెయ్యి అలవాటుగా తొమ్మిది మీదకి వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆ ప్రశ్న గురించి నేను నిజంగా ఆలోచించడం అదే మొదలు. ఒక్కో జవాబూ గుర్తుచేసుకున్నాను. వచ్చింది వచ్చిందని, రానిది రాదని ఒప్పుకుంటూ, కొంచెం సిగ్గుపడుతూ, ఐదు అని వేశాను.

ఐదే వచ్చింది.

ప్రోగ్రామర్ ఉద్యోగానికి అది చాలదు. మేడం ఆ మాట దాచకుండా చెప్పింది. చెప్పి, పంపించెయ్యకుండా నా అంచనానీ మార్కునీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసింది. "తొమ్మిదినుంచి ఐదుకి రావడం తేలికేం కాదు" అంది తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత అడిగింది. "మా కోర్సు చదివేవాళ్ళు ఊరూరా నెట్ సెంటర్లలో ఉన్నారు. మై గైడ్ ప్రశ్న అడిగినప్పుడు వాళ్ళు నిజంగా ఏం చేస్తున్నారో మాకెవరికీ తెలీదు. మావాళ్ళు కుర్చీ వదలరు. వెళ్ళి, పక్కన నిలబడి చూసి వచ్చి చెప్పే మనిషి కావాలి. మీరు తిరగగలరా?"

నన్ను పుట్టినప్పటినుంచీ అందరూ కూర్చోగలవా అనే అడిగారు. తిరగగలవా అని అడిగినవాళ్ళు లేరు. జవాబు చెప్పేలోపే కాళ్ళు నన్ను లేపి నిలబెట్టేశాయి.

ఇంటికొచ్చి చెబితే నాన్న రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. "అయితే జీతమిచ్చి తిప్పుతారా?" అన్నాడు చివరికి, నమ్మకం కుదరక. "ఇన్నాల్లూ ఊరికే తిరిగీసేడు" అంది అమ్మ, నష్టం జరిగిపోయినట్టు.

అలా మొదలైంది నా ఉద్యోగం. గాజువాక, పరవాడ, అనకాపల్లి, చోడవరం, ఎక్కడ నెట్ సెంటరుంటే అక్కడికి. జనం ఎందుకు లేచి వెళతారో అప్పుడు చూశాను. ఒకావిడ చంటిపిల్ల ఏడిస్తే లేచింది. పరవాడలో మందుల కంపెనీలో పనిచేసే ఒకతను డ్యూటీ బస్సు హారన్ వినిపిస్తే పాఠం మధ్యలో లేచి పరిగెట్టాడు. కొందరు నాలాంటివాళ్ళు, కారణం లేకుండానే లేచేవాళ్ళు. అందరి గ్రాఫుల్లోనూ ఆ ఖాళీలు ఒకే ఎరుపు. నేను చూసినవన్నీ వచ్చి చెప్పేవాణ్ణి. ఆఫీసులో చర్చల మీద చర్చలు జరిగి, కొన్ని నెలలకి మై గైడ్ మారింది. తెలుగు నేర్చుకుంది. 'మీరు ఉన్నారా?' అని నిలదీయడం మానేసి, 'ఎక్కడ ఆపారో గుర్తుపెట్టాను, ఎప్పుడొస్తారో చెప్పండి' అనడం మొదలుపెట్టింది. నా కోర్సు కూడా ఆ తిరుగుళ్ళ మధ్యలోనే, ఈ ఊళ్ళో ఒక పాఠం, ఆ ఊళ్ళో ఒక పాఠంగా పూర్తయింది. సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా నెట్ బావ సాక్షి పదవి వదల్లేదు. ఆ తర్వాత ఫోన్లొచ్చి నెట్ సెంటర్లు మూతపడ్డాయి. అతను అదే మేడ మీద ఫోన్లు బాగుచేసే షాపు పెట్టాడు. ఇప్పటికీ సముద్రాన్ని ఒడ్డునుంచే ఇష్టపడతాడు.

నేను మాత్రం మెల్లగా పెద్దవాణ్ణయిపోయాను. మధురవాడలోనే పెద్ద ఆఫీసు, నాకంటూ ఓ గది, మెత్తని కుర్చీ. మీటింగుల్లో గంటలకి గంటలు కదలకుండా కూర్చుంటాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు నన్ను చూపించి, ఆయన నిలకడ చూడండని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారట. వాళ్ళలో ఒకడు మొన్న నేను మాట్లాడుతుండగానే మెల్లగా తలుపు తీసుకుని జారిపోయాడు. కోపం రావాల్సింది, రాలేదు. వాడు మెట్లు దిగే చప్పుడు చివరిదాకా విన్నాను. ఎంత తేలిగ్గా దిగుతున్నాడో! నాకూ లేవాలనే అనిపించింది. ఇంతకీ ఈ నిలకడ నాకెప్పుడు వచ్చిందా అని ఆలోచిస్తే, ఏ కోర్సూ కాదు, ఏ సాఫ్ట్‌వేరూ కాదు. దీన్ని నాకు నేర్పినవి మోకాళ్ళ నొప్పులు.